పిరికితనాన్ని దాటి కృపావరాన్ని వాడడం: ఎనిమిది వారాల సంఘ నాయకుల శిక్షణపై సమీక్ష

సంఘంలో బాధ్యత చేతికొచ్చినా నోరు విప్పడానికి, ముందుకు రావడానికి జంకే కార్యకర్తల కోసం ఏర్పాటు చేసిన ఎనిమిది వారాల శిక్షణకు మొదటి కూడిక నుంచి చివరి కూడిక వరకు హాజరైన వ్యక్తిగా ఈ సమీక్ష రాస్తున్నాను. వారానికి ఒక కూడిక, ఒక్కో కూడిక రెండు గంటలు; అందులో మొదటి గంట వాక్య పాఠం, రెండో గంట ముగ్గురేసి సభ్యులున్న చిన్న గుంపులలో సాధన. శిక్షణ అంతా తిమోతికి రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయం మీద, అందులోనూ ముఖ్యంగా ఆరు, ఏడు వచనాల మీద నడిచింది. కృపావరాన్ని, అంటే పరిచర్య కోసం దేవుడు ఉచితంగా ఇచ్చిన సామర్థ్యాన్ని, రగిలించుకోమని, దేవుడు మనకిచ్చింది పిరికితనం గల ఆత్మను కాదు, శక్తి, ప్రేమ, ఇంద్రియ నిగ్రహం గల ఆత్మను అని అపొస్తలుడైన పౌలు తన యువ సహసేవకుడు తిమోతికి అక్కడ రాస్తాడు. ఇలాంటి శిక్షణలో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న పాస్టర్లకు, సంఘ పెద్దలకు, యౌవనస్థుల నాయకులకు, గృహకూడికలు నడిపేవారికి ఉపయోగపడాలన్న ఉద్దేశంతో, మేలు చేసిన భాగాలనూ లోపించిన భాగాలనూ ఉన్నవి ఉన్నట్లు చెబుతాను.

నేను ఆరేళ్లుగా ఒక గృహకూడిక బాధ్యత చూస్తున్నాను. పాటలు ఎంచడం, వచ్చినవారిని పలకరించడం, ప్రార్థన మనవులు రాసి ఉంచడం వంటి పనులు ఇబ్బంది లేకుండా చేయగలను గాని, ఎవరినైనా పేరు పెట్టి ధైర్యపరచవలసి వచ్చినప్పుడు గొంతు పెగిలేది కాదు. ప్రార్థిస్తున్న సమయంలో ఒకరికి చెప్పవలసిన ఆదరణ మాట మనసులో స్పష్టంగా మెదిలినా, చెప్పడానికి నేనెంతటివాణ్ని అన్న తలంపుతో దాన్ని మింగేసి, కూడిక ముగిసి ఇంటికి వెళ్లేటప్పుడు దారి పొడుగునా బాధపడడం నాకు అలవాటైపోయింది. దీన్ని నేను వినయమే అనుకున్నాను. ఆ పేరు దానికి తగదని ఈ శిక్షణ మొదటి వారంలోనే నాకు తెలిసింది.

మొదటి పాఠం పూర్తిగా మాటల అర్థాల మీద సాగింది. మన బైబిలులో ‘పిరికితనము’ అని ఉన్న చోట గ్రీకు మూలంలో ‘దెయిలియా’ అనే మాట ఉంది. కొత్త నిబంధన మొత్తంలో ఈ నామవాచకం ఇక్కడొక్కచోటే వస్తుంది. భయానికి సాధారణంగా వాడే ‘ఫోబోస్’ అనే మాట దేవుని యెడల ఉండవలసిన భయభక్తులకు కూడా చెల్లుతుంది గాని, ‘దెయిలియా’కు అలాంటి మంచి వాడుక లేదు; ప్రమాదం ముందు వెనుదీసే స్వభావాన్ని అది సూచిస్తుంది. ఇక ఆరవ వచనంలో కృపావరాన్ని ‘ప్రజ్వలింపచేయుము’ అన్న చోట ఉన్న క్రియలో మళ్లీ, జీవం, నిప్పు అనే మూడు భావాలు కలిసి ఉన్నాయి. పాత నిబంధన గ్రీకు అనువాదంలో, యోసేపు పంపిన బండ్లను చూసి యాకోబు ప్రాణం తెప్పరిల్లిందని చెప్పే ఆదికాండము 45వ అధ్యాయంలో కూడా ఇదే క్రియ కనిపిస్తుంది. కొడుకు చచ్చిపోయాడని ఏళ్ల తరబడి దుఃఖించిన ముసలి తండ్రి లోపల ఏదో ఒక్కసారిగా లేచి నిలబడిన ఆ ఘట్టాన్ని బోధకుడు నిదానంగా చదివి వినిపించినప్పుడు, తరగతిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. బూడిద కింద నిప్పు ఉందని ఒప్పుకోవడం ఒక విషయం, దాన్ని ఊదవలసింది తానేనని ఒప్పుకోవడం మరొక విషయం. పౌలు ఆ పనిని తిమోతికే అప్పగిస్తున్నాడు. వరం దేవునిది, రగిలించుకునే బాధ్యత వరం పొందినవానిది.

తిమోతి విషయంలో బోధకుడు చూపిన జాగ్రత్త నాకు నచ్చింది. తిమోతి పిరికివాడని లేఖనం ఎక్కడా సూటిగా చెప్పదు. అతని యౌవనాన్ని బట్టి ఎవరూ అతణ్ని తృణీకరించకుండా చూసుకోమన్న మాట మొదటి పత్రిక నాలుగవ అధ్యాయంలో ఉంది. అతని కడుపు జబ్బు, తరచుగా వచ్చే బలహీనతల ప్రస్తావన అదే పత్రిక అయిదవ అధ్యాయంలో ఉంది. అతడు మీ దగ్గర భయం లేకుండా ఉండేలా చూడండి అని పౌలు కొరింథీయులను కోరడం వారికి రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయంలో ఉంది. ఈ మూడింటినీ కలిపి మనం ఒక బెదురు యువకుణ్ని ఊహించుకుంటాం. ఆ ఊహ నిజమే కావచ్చునని, అయితే దాన్ని లేఖన వాక్యంగా చెప్పకూడదని బోధకుడు స్పష్టంగా అన్నాడు. ప్రసంగాలలో ఈ తేడాను పాటించేవారు తక్కువ. పైగా ఈ పత్రిక రాసే సమయానికి పౌలు సంకెళ్లలో ఉన్నాడు; ఆయనను ఎరుగుదునని చెప్పుకోవడమే ప్రమాదకరమైన పరిస్థితి అది. కాబట్టి తిమోతి భయానికి బయటి కారణాలు కూడా ఉన్నాయి. లోపల స్వభావం, బయట బెదిరింపు రెండూ కలిసి మనిషి నోరు మూయిస్తాయని చెప్పడంతో, తరగతిలో తమ మీద తామే నేరం మోపుకుంటూ కూర్చున్న కొందరికి ఊపిరి ఆడింది.

ఏడవ వచనంలోని శక్తి, ప్రేమ, ఇంద్రియ నిగ్రహం అనే మూడింటికీ ఒక్కో వారం కేటాయించారు. శక్తి మీద జరిగిన పాఠం ఫరవాలేదు. ప్రేమ మీద జరిగిన పాఠం మాత్రం ఈ శిక్షణ మొత్తంలో నాకు అత్యంత విలువైనది. ఆ ఒక్క కూడిక కోసమైనా ఇందులో చేరవచ్చునని సంకోచం లేకుండా చెబుతాను.

ఆ రోజు మాకు ఇచ్చిన సాధన పైకి చాలా చిన్నది. గతంలో మనం చెప్పకుండా మింగేసిన ఒక మాటను, చేయకుండా ఆపేసిన ఒక పనిని కాగితం మీద రాసి, ఆ క్షణంలో మన మనసులో తిరిగిన వాక్యాలను దాని కింద ఒక్కొక్కటిగా రాయమన్నారు. నేను రాసిన వాక్యాలు ఇవి: తప్పుగా చెబితే ఏమనుకుంటారు, ఆయన నాకంటే పెద్దవాడు కదా, వాక్యం సరిగా గుర్తు రాకపోతే ఎలా, నా జీవితం చూసి నవ్వుతారేమో. తరువాత బోధకుడు ఆ వాక్యాలలో ఎదుటి మనిషి ప్రస్తావన ఎక్కడుందో గీత గీయమన్నాడు. నా కాగితం మీద గీత గీయడానికి చోటు దొరకలేదు. నాలుగు వాక్యాలలోనూ నేనే ఉన్నాను. ఉద్యోగం పోయి, కూడికకు వచ్చి మౌనంగా చివరి వరుసలో కూర్చుని వెళ్లిపోయిన ఆ సహోదరుడు ఒక్క వాక్యంలోనూ లేడు. ఆయనకు ఆ వేళ ఒక మాట అవసరమైంది, నేను నా పరువును లెక్కించుకుంటూ కూర్చున్నాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో వరాల గురించి చెప్పే 12, 14 అధ్యాయాల నడుమ ప్రేమ అధ్యాయం ఎందుకుందో నాకు ఆ కాగితం చూస్తే అర్థమైంది. మన సంఘాలలో 13వ అధ్యాయాన్ని పెండ్లి కూడికలలో ఎక్కువగా చదువుతాం గాని, పౌలు దాన్ని రాసింది వరాలను వాడడంలో ఒకరినొకరు గాయపరచుకుంటున్న సంఘానికి.

ఇంద్రియ నిగ్రహం మీద జరిగిన పాఠం కూడా మంచిదే. అక్కడి గ్రీకు మాట ‘సోఫ్రోనిస్మోస్’ కూడా కొత్త నిబంధనలో ఒక్కసారే వస్తుంది. స్థిమితమైన బుద్ధి, తనను తాను అదుపులో ఉంచుకోవడం అనే భావాలు అందులో ఉన్నాయి. ధైర్యం వచ్చినవాడు మొదట పోగొట్టుకునేది దీన్నే కాబట్టి, దీనికి రెండు వారాలు ఇచ్చి ఉంటే బాగుండేది.

లేఖన ఉదాహరణలను ఎంచిన తీరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నోటి మాంద్యం గలవాణ్నని మోషే, బాలుణ్నని యిర్మీయా చెప్పిన సాకులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని త్వరగా ముగించి, గిద్యోను దగ్గర ఎక్కువసేపు ఆగారు. న్యాయాధిపతులు ఆరవ అధ్యాయంలో గిద్యోను తన తండ్రి ఇంటివారికీ ఆ ఊరివారికీ భయపడి, బయలు అనే అన్యదేవత బలిపీఠాన్ని పగలు పడగొట్టలేక, పదిమంది పనివారిని వెంటబెట్టుకుని రాత్రివేళ పడగొట్టాడు. అతడు భయపడ్డాడని లేఖనమే దాచకుండా చెబుతోంది. అయినా తెల్లవారేసరికి బలిపీఠం కూలి ఉంది. భయం పూర్తిగా పోయాక విధేయత చూపిద్దామని కాచుకుని కూర్చునే మాలాంటివారికి ఇంతకంటే సరిపోయే ఉదాహరణ ఉండదు. సంఘ చరిత్రలో నుంచి చెప్పిన రెండు సంగతులు కూడా ఇదే దిశలో ఉన్నాయి. ఫ్రెంచి సంఘ సంస్కర్త జాన్ కాల్విన్ 1536లో జెనీవా మీదుగా వెళ్తూ ఒక్క రాత్రి ఆగి, నెమ్మదిగా చదువుకుంటూ రాసుకుంటూ బతకాలనుకున్నప్పుడు, అక్కడి సంస్కర్త గియోమ్ ఫారెల్ అతణ్ని దాదాపు బెదిరించి అక్కడ నిలబెట్టాడు. తాను స్వభావరీత్యా బెదురు మనిషినని కాల్విన్ తరువాత తానే రాసుకున్నాడు. స్కాట్లండ్ సంఘ సంస్కర్త జాన్ నాక్స్‌ను 1547లో సెయింట్ ఆండ్రూస్‌లో అందరి ఎదుట ప్రసంగ పరిచర్యకు పిలిచినప్పుడు అతడు కన్నీళ్లు పెట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. ఈ ఇద్దరి విషయంలోనూ వరాన్ని ముందుగా గుర్తించింది పక్కన ఉన్నవారు. తిమోతి విషయంలో కూడా అంతే. పెద్దలు, పౌలు అతని మీద చేతులుంచిన సంగతిని రెండు పత్రికలూ జ్ఞాపకం చేస్తున్నాయి. అతని ధైర్యానికి మూలం ఒంటరి ఆత్మవిశ్వాసం అనుకోవడానికి ఆ పత్రికలలో ఆధారం దొరకదు.

ఇక లోపాల సంగతి. రెండవ వారంలో వరాలను గుర్తించుకోవడానికి ఒక ప్రశ్నావళి ఇచ్చారు. ప్రతి ప్రశ్నకు మార్కులు వేసుకుని, చివర కూడి, ఎక్కువ మార్కులు వచ్చిన వరమే మీది అని చెప్పారు. ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో ఏడు వరాలు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయం ఎనిమిది నుంచి పది వచనాలలో తొమ్మిది వరాలు, ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగవ అధ్యాయంలో పరిచర్య చేసే మనుషుల పట్టిక, పేతురు మొదటి పత్రిక నాలుగవ అధ్యాయంలో మాట్లాడడం, ఉపచారం చేయడం అనే రెండే విభాగాలు ఉన్నాయి. ఏ పట్టికా మరొక పట్టికతో పూర్తిగా సరిపోదు. అంటే అవి వరాలన్నింటినీ లెక్కపెట్టి ముగించడానికి రాసినవి కావు. అలాంటప్పుడు వాటిని కలిపి ఒకే ప్రశ్నావళిగా మార్చడం లేఖనానికి లేని కచ్చితత్వాన్ని అంటగట్టడమే అవుతుంది. అంతకంటే పెద్ద సమస్య ఏమిటంటే, జంకుగా ఉండే మనిషి ప్రశ్నావళిలో కూడా జంకుగానే జవాబు రాస్తాడు. మీరు నలుగురిలో బోధించినప్పుడు జనం మేలు పొందుతారా అని అడిగితే, ఎన్నడూ బోధించడానికి ఒప్పుకోనివాడు లేదనే రాస్తాడు, బోధించే వరానికి సున్న వేసుకుంటాడు, ఇక జీవితాంతం ఆ కాగితాన్ని సాక్ష్యంగా చూపిస్తాడు. మా గుంపులో సరిగ్గా ఇదే జరిగింది. ఒక సహోదరికి బోధనలో చాలా తక్కువ మార్కులు వచ్చాయి; నాలుగవ వారంలో ఆమె మాకు ఒక వచనాన్ని పది నిమిషాలు వివరించినప్పుడు, ఆ ఎనిమిది వారాలలో విన్న వాటన్నింటిలో స్పష్టమైన వివరణ అదే అని మిగిలిన ఇద్దరం ఒప్పుకున్నాం. ఆమె వరాన్ని ఆ కాగితం చూడలేదు, మేము చూశాం.

రెండవ లోపం అయిదవ వారం నుంచి మొదలైంది. ధైర్యమంటే పెద్ద గొంతు, వేగంగా సాగే మాట, సంకోచం లేని ముఖం అన్న అభిప్రాయం పాఠాలలోకి మెల్లగా ప్రవేశించింది. వేదిక మీద నిలబడే తీరు, చేతుల కదలిక, చూపు నిలపడం వంటివి నేర్పడం తప్పు కాదు గాని, వాటిని ఆత్మ ఇచ్చే ధైర్యంతో కలిపి చెప్పడం వల్ల నెమ్మదిగా మాట్లాడేవారు మళ్లీ వెనుక వరుసకు వెళ్లారు. అపొస్తలుల కార్యములు నాలుగవ అధ్యాయంలో పేతురు యోహానుల ధైర్యానికి వాడిన గ్రీకు మాట ‘పర్రేసియా’. గ్రీకు నగరాలలో పౌరునికి ఉన్న దాపరికం లేకుండా మాట్లాడే స్వేచ్ఛకు వాడిన మాట అది. గొంతు ఎంత పెద్దదన్న దానితో దానికి పని లేదు. చెప్పవలసినదాన్ని దాచకుండా చెప్పడమే ముఖ్యం. అదే అధ్యాయంలో విశ్వాసులు ప్రార్థించినప్పుడు బెదిరింపులు ఆగాలని అడగలేదు, వాక్యాన్ని ధైర్యంగా చెప్పేలా అనుగ్రహించమని అడిగారు. పెంతెకొస్తు దినాన ఆత్మతో నిండిన మనుషులే మళ్లీ ఆ మనవి చేసుకున్నారు. తాను బలహీనతతో, భయంతో, ఎంతో వణకుతో కొరింథీయుల దగ్గర ఉన్నానని పౌలే రాశాడు. ఆ వచనం ఎనిమిది వారాలలో ఒక్కసారి కూడా చదవబడకపోవడం నాకు బాధ కలిగించింది. వణుకుతున్న మనుషులకు చెప్పవలసిన మొదటి మాటలలో అదొకటి. అలాగే కరుణించువాడు సంతోషంతో ఆ పని చేయాలని రోమా పత్రిక చెబుతుంది. ఆసుపత్రి మంచం పక్కన మౌనంగా గంటలు కూర్చోగల మనిషికి ఎలాంటి ధైర్యం కావాలో కూడా ఈ శిక్షణలో చెప్పి ఉండవలసింది. పైవిచారణ చేసేవారి విషయం కూడా అంతే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయం 28వ వచనంలో మన బైబిలు ‘ప్రభుత్వములు’ అన్న మాట మూలంలో ఓడను నడిపే చుక్కానివాని పనికి సంబంధించినది. చుక్కాని పట్టినవాడు కేకలు వేయనవసరం లేదు, గాలి మారినప్పుడు చెయ్యి వదలకుండా ఉంటే చాలు.

మూడవ లోపం నా దృష్టిలో అన్నింటికంటే తీవ్రమైనది. వరాన్ని వాడమని ఇంతగా ప్రోత్సహించిన శిక్షణ, వాడినదాన్ని పరీక్షించడం గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. ఆరవ వారం సాధనలో పాల్గొన్న ఒక వ్యక్తి మరొకరితో, దేవుడు నాతో చెప్పాడంటూ, ఆమె వివాహ విషయంలో తీసుకోవలసిన నిర్ణయం గురించి గట్టిగా మాట్లాడాడు. ఆమె ముఖం పాలిపోయింది. అక్కడ ఉన్న సహాయకులు దాన్ని ధైర్యమని మెచ్చుకున్నారే గాని, ఆగి ప్రశ్నించలేదు. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడాక తక్కినవారు వివేచింపవలెనని, ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలో ఉంటాయని, సమస్తం మర్యాదగా క్రమంగా జరగాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. నాకిలా అనిపిస్తోంది, మీరు ప్రార్థించి పరీక్షించండి, పెద్దలతో మాట్లాడండి అని చెప్పడం పిరికితనం కాదు. ఆ మాటే ఎదుటివారికి ఊపిరి తీసుకునే చోటిస్తుంది. దేవుని పేరు మీద ప్రశ్నకు తావులేకుండా మాట్లాడిన మాట ఒక మనిషిని ఏళ్ల తరబడి కట్టిపడేయగలదు. ఈ సంగతిని నిర్వాహకులకు రాతపూర్వకంగా తెలియజేశాను. తరువాతి విడతలో వివేచన మీద ఒక పూర్తి పాఠం చేరుస్తామని జవాబు వచ్చింది. ఆ పాఠం చేరకపోతే ఈ శిక్షణను నేను ఎవరికీ సిఫారసు చేయను.

చదవడానికి ఇచ్చిన పత్రాలు చక్కగా ఉన్నాయి, అక్షర దోషాలు తక్కువ. పాఠాల రికార్డింగులు ఆలస్యంగా అందాయి.

ఎవరు చేరాలన్న విషయానికి వస్తే, బాధ్యతలో ఉండి వెనుదీస్తున్నవారికి మొదటి నాలుగు వారాలు నిజంగా మేలు చేస్తాయి. అప్పటికే ధారాళంగా మాట్లాడేవారికి ఇది అంతగా అవసరం లేదు. చేరితే, ఇంద్రియ నిగ్రహం పాఠాన్ని రెండుసార్లు వినమని కోరుతాను. యౌవనస్థులు మాత్రం తిమోతికి పౌలు చెప్పిన జవాబును గుర్తుంచుకుని రావాలి: తృణీకారానికి విరుగుడుగా అతణ్ని అధికారం చూపమనలేదు, మాటలో, ప్రవర్తనలో, ప్రేమలో, విశ్వాసంలో, పవిత్రతలో మాదిరిగా ఉండమన్నాడు. అన్నింటికంటే ముఖ్యంగా, కార్యకర్తలను మాత్రమే పంపి పెద్దలు ఇంట్లో ఉండిపోవడం సరికాదు. మా తరగతిలో ఉన్నవారిలో సగం మంది భయానికి కారణం తమ సంఘంలో ఒకసారి మాట్లాడినందుకు పొందిన మందలింపు అని గుంపు సంభాషణలలో బయటపడింది. వారు ఇక్కడ నేర్చుకున్న ధైర్యంతో అదే గదిలోకి, అదే ముఖాల ముందుకు తిరిగి వెళ్లాలి. ఆ గదిలో కూర్చున్నవారు మారకపోతే రగిలిన నిప్పు మీద మళ్లీ నీళ్లు పడతాయి.

శిక్షణ ముగిసిన రెండవ వారం, చివరి వరుసలో కూర్చునే ఆ సహోదరుణ్ని ఇంటికి వెళ్లి కలిశాను. సిద్ధం చేసుకున్న వాక్యం సగంలో మరిచిపోయాను, చేతులు వణికాయి, చెప్పవలసింది రెండు వాక్యాలలోనే ముగిసింది. ఆయన చాలాసేపు తలవంచుకుని కూర్చుని, ఇంకొంచెం సేపు ఉండగలరా అని అడిగాడు. మా పాస్టరుగారితో ఈ సంగతంతా చెప్పి, తరువాతి విడత వివరాలు ఇచ్చాను. సంఘ పెద్దలలో ముగ్గురు దానికి పేర్లు నమోదు చేసుకున్నారు.